క్యాథలిక్ యూనివర్సిటీ సమాజసేవ అంటే ఏడు రోజుల క్యాంపేనా?

ప్రశ్న: ఒక క్యాథలిక్ కాలేజీకి ఎక్స్‌టెన్షన్ (కాలేజీ బయట సమాజసేవ) ప్రణాళిక రాస్తున్నానండీ. ఎన్ఎస్ఎస్‌లో (జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటలు, ఏడు రోజుల క్యాంపు ఎలాగూ ఉన్నాయి. పర్సనలిజం (ప్రతి మనిషికీ తనదైన విలువ ఉంది, తోటివారితో కలిసే ఎదుగుతాడు అనే తత్వం) ప్రకారం రాస్తే ఇందులో ఏం మారాలి?

జవాబు 1: ముందు ఒక మాట. పర్సనలిజాన్ని ‘వ్యక్తివాదం’ అని మాత్రం రాయకండి, ఎవరి దారి వారిదే అనుకుంటారు. ఇది సరిగ్గా దానికి ఎదురు. 1954 నుంచి పోలండ్‌లోని లూబ్లిన్ క్యాథలిక్ యూనివర్సిటీలో నీతిశాస్త్రం బోధించిన కరోల్ వొయ్‌తీవా మూలసూత్రం ఇదీ: మనిషిని కేవలం సాధనంగా వాడకూడదు. ఆయనే రెండో జాన్ పాల్ పోపుగా 1990 ఆగస్టు 15న క్యాథలిక్ యూనివర్సిటీల గురించి ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’ అనే పత్రం ఇచ్చారు. సమాజ సమస్యల మూలాలు వెతకడం యూనివర్సిటీ పరిశోధనలో భాగమని అందులో ఉంది. కాబట్టి సేవను ఎన్ఎస్ఎస్ యూనిట్‌కి వదిలేయకుండా డిపార్ట్‌మెంట్ల సిలబస్‌లోకి తేవాలి.

జవాబు 2: ఎక్కువగా చెడేది సర్వే దగ్గరే. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపుతారు, విద్యార్థికి మార్కులొస్తాయి, ఊరు మాత్రం ఎక్కడి గొంగడి అక్కడే. మనుషుల్ని సాధనం చేయడమంటే అదే. ప్రశ్నలు ముందే ఊరివాళ్లకు చూపించి, వాళ్లడిగేవి కలపండి. ఏటా ఊరు మార్చకుండా కనీసం మూడేళ్లు ఒకే ఊరు పట్టుకోండి.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ సమస్యే తీసుకోండి. కెమిస్ట్రీ వాళ్లు శాంపిల్‌ని ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి గాజు సీసాలో అంకె తగ్గి రావచ్చు. సీసా మీద బోరు ఉన్న చోటు, తేదీ రాయాలి. ఫలితం జర్నల్ కంటే ముందు ఆ ఇంటికి చేరాలి, తెలుగు చీటీ మీద: ‘మీ బోరులో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు. 1.5 దాటితే తాగకూడదు.’ ఎకనామిక్స్ వాళ్లు క్యాన్ నీళ్లకు ఇంటి ఖర్చు లెక్కగడతారు. గ్రామసభలో పెట్టే అర్జీ ఊరివాళ్లదే, మీరు రాసిపెట్టడం వరకే.

జవాబు 3: పై సమాధానానికి ఒకటి కలుపుతాను. మూల్యాంకనంలో గంటలు లెక్కపెట్టొద్దు. వొయ్‌తీవా 1969 నాటి పుస్తకంలో సంఘీభావాన్నీ, అందరి మేలు కోరి చూపే వ్యతిరేకతనూ సమాజంలో పాలుపంచుకునే నిజమైన వైఖరులన్నారు. గొర్రెదాటునీ, తప్పించుకోవడాన్నీ కాదన్నారు. ‘ఈ పథకం మాకొద్దు’ అని ఊరివాళ్లు అంటే విద్యార్థి దాన్ని రికార్డులో రాశాడా, లేక మార్కుల కోసం మింగేశాడా? నేనైతే సగం మార్కులు దీనికే పెడతాను. మేనేజ్‌మెంట్ జంకితే, జనానికి రుచించని సత్యాన్నయినా చెప్పే ధైర్యం క్యాథలిక్ యూనివర్సిటీకి ఉండాలని 1990 పత్రంలోనే ఉంది. ఆ పేరా జిరాక్స్ తీసి ప్రణాళికకు జతచేయండి.