పండక్కి స్నేహితులొస్తే మనం పొయ్యి దగ్గరుండాలా, వాళ్ళ దగ్గరుండాలా?

ఎంవీపీ కాలనీ కోడలు:
పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి నా కాలేజీ స్నేహితురాలు, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు విశాఖలో మా ఇంటికొచ్చారు. పాపకి 4 ఏళ్ళు, బాబుకి ఏడాదిన్నర. భోగి నాడు తెల్లారుజామున వంటింట్లోకి వెళ్ళినదాన్ని, ముక్కనుమ నాడు వాళ్ళు రైలెక్కేదాకా సరిగ్గా బయటికి రాలేదు. అరిసెలు, పులిహోర, బొబ్బట్లు, కనుమకి గారెలూ నాటుకోడీ. అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ ఆ పాప వాళ్ళమ్మని అడిగింది, "ఈ ఆంటీ ఇక్కడ వంట చేసే ఆంటీనా?" అని. అందరం నవ్వేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ళు ఈ ఏడూ వస్తున్నారు. అన్నం, చారు, ఒక కూర మాత్రం ఇంట్లో వండి, మిగతావన్నీ కొనేద్దామనుకుంటున్నాను. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "పండగపూట గుమ్మంలోకొచ్చినోళ్ళకి కొన్న అరిసెలు పెడతావా?" అని. మీరేటంటారు?

గాజువాక మావయ్య:
మీ అత్తగారిదే రైటు తల్లీ. వండి పెట్టడం కూడా దగ్గరుండటమే. మా చిన్నప్పుడు పండగంటే మా అమ్మ పెరట్లో కట్టెల పొయ్యి పెట్టేది. చుట్టాలూ స్నేహితులూ అందరూ ఆ పొయ్యి చుట్టూనే. ఒకరు చెరుకు ముక్కలు కొడతన్నారు, ఒకరు కొబ్బరి కోరతన్నారు, పిల్లలు అరిసెల పిండి ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని కూర్చున్నారు. కబుర్లన్నీ అక్కడే. ఇప్పుడు మీ ఫ్లాట్లలో వంటిల్లు ఒక మనిషి తిరగడానికే చాలదు, మళ్ళీ దానికో తలుపు. తప్పు వంటది కాదమ్మా, ఆ గదిది.

తగరపువలస ఆడపడుచు:
మావయ్యగారూ, ఆ పొయ్యి చుట్టూ కూర్చుని కొబ్బరి కోరినోళ్ళలో మగోళ్ళెంతమంది?

గాజువాక మావయ్య:
...చెరుకు కొట్టింది మేమే.

సీతమ్మధార తల్లి:
నేనెప్పుడూ వెళ్ళే చుట్టాన్నే, పైగా ఇద్దరు చిన్నపిల్లలు. అటువైపు మాట కూడా వినండి. మీ పది వంటకాల్లో మా పిల్లలు తినేది చారన్నం, పెరుగన్నం. అంతే. మాకు కావాల్సింది మధ్యాహ్నం రెండు గంటలు ఫ్యానుండే ఒక చీకటి గది. ఎవరూ తలుపు కొట్టకుండా.

వంట మానేసిన వాళ్ళు ఇంకో తప్పు చేస్తారు, ఊరు చూపించేస్తారు. పోయినసారి మేం వేరే ఊరి నుంచి వచ్చిన స్నేహితుల్ని పొద్దున్న కైలాసగిరి, మధ్యాహ్నం జూ, సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర, అది దిగగానే రోడ్డవతల టీయూ-142 విమానం అని తిప్పాం. కురుసుర అసలు సిసలు జలాంతర్గామి. 2001లో నేవీ నుంచి రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియమైంది. లోపల దారి ఇరుకు, గది నుంచి గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. చంకలో నిద్రపోయిన పిల్లోడితో అందులో దూరి చూడండి, తెలుస్తుంది. బొర్రా గుహల మెట్లూ అంతే. రోజుకి ఒక్కచోటు చాలు. సోమవారమైతే జూకీ, కురుసురకీ సెలవు, అదీ చూసుకోండి.

భోగిపళ్ళు పోసేటప్పుడు ఏడాదిన్నర బాబు పక్కన ఒక మనిషి ఖాళీ చేతులతో కూర్చోవాలి. రేగుపళ్ళు, శనగలు, రూపాయి బిళ్ళలు, అన్నీ గొంతులో అడ్డం పడేవే. వాడి చెయ్యి సూటిగా నోట్లోకే వెళ్తుంది. అప్పుడు మీరు వంటింట్లో పాకం చూస్తుంటే ఎలా?

రుషికొండ ఐటీ జీవి:
నేను వంట ముట్టుకోలేదు. అన్నీ బయటి నుంచే తెప్పించాను. సెలవు కూడా పెట్టాను. కానీ ఫోన్ జేబులో ఉంది. రుషికొండ బీచ్‌లో మా ఫ్రెండు కొడుకు నా ప్యాంటు పట్టుకు లాగి "అంకుల్, పీత, పీత" అన్నాడు. ఆఫీసు మెసేజ్ వచ్చింది, "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. తలెత్తేసరికి పీత బొరియలోకి పోయింది. వాడు ఆ బొరియ దగ్గర అరగంట కూర్చున్నాడు, అది మళ్ళీ రాలేదు. మళ్ళీ నన్ను పిలవనూ లేదు. మన తీరంలో అలలు మనిషిని ఎలా లాగేస్తాయో తెలిసీ, నీళ్ళ పక్కన పిల్లాణ్ణి పెట్టుకుని నేను స్క్రీన్ చూస్తున్నానంటే... సరే వదిలేయండి. అరిసెలు కొన్నా వండినా ఆ పిల్లలకి ఒకటే, నా అనుభవం ఇంతే.

ఎంవీపీ కాలనీ కోడలు:
మీ మాటలన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. పీత కథకి కరిగారు. అనకాపల్లిలో ఆవిడ చెల్లెలు అక్కడి బెల్లంతోనే అరిసెలు చేయించి పంపుతుంది కాబట్టి అవి "కొన్నవి" కావట. పులిహోర కలపడం మా ఆయన పని. భోగిపళ్ళప్పుడు బాబు పక్కన కూర్చునేది నేను. కనుమకి మినుము తినాలి కాబట్టి గారెలు మాత్రం ఇంట్లోనే వెయ్యాలంట, దాని మీద రాజీ లేదు. నేనూ ఒప్పుకున్నాను. ముందురోజు రాత్రే పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టేస్తే పొద్దున్న అరగంటలో అయిపోతుంది.

గాజువాక మావయ్య:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రాత్రి రుబ్బిన పిండితో గారెలేటమ్మా? నూనె పీల్చేస్తాయి. పొద్దున్నే రుబ్బు.

తగరపువలస ఆడపడుచు:
మావయ్యగారూ, మీరొచ్చి రుబ్బండి.