మొదటి సీపాప్ మెషిన్: ఫిక్స్‌డ్ చాలా, ఆటోనే కొనాలా?

గుంటూరు_ఇల్లాలు
అందరికీ నమస్కారం. మా ఆయనకి 46 ఏళ్లు. బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నా అదుపులోకి రావట్లేదు. గురక సంగతి పక్క ఫ్లాట్ వాళ్లకి కూడా తెలుసు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తుంటే టోల్‌గేట్ క్యూలో స్టీరింగ్ మీదే కునుకు తీశారు. వెనక లారీవాడు హారన్ కొడితే లేచారు. ఇక లాభం లేదని స్లీప్ స్టడీ, అంటే రాత్రి నిద్రలో ఊపిరినీ ఆక్సిజన్‌నీ కొలిచే పరీక్ష, చేయించాం. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు, అన్నారు. ఏహెచ్‌ఐ 38, అంటే గంటకి అన్నిసార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోందట. ఆక్సిజన్ 76 శాతం దాకా పడిపోయింది. తర్వాత ఇంకో రాత్రి ల్యాబ్‌లో సీపాప్, అంటే మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే మెషిన్, పెట్టి చూసి ప్రెజర్ 9 సరిపోతుందని రాశారు.

ఇప్పుడు డీలర్ రెండు చూపిస్తున్నాడు. రాత్రంతా ఒకే ప్రెజర్ ఇచ్చే ఫిక్స్‌డ్ మెషిన్ 30 వేలు. అవసరాన్ని బట్టి తనంతట తనే పెంచుకుని తగ్గించుకునే ఆటో 55 వేలు. మా పాలసీలో మెషిన్‌కి పైసా రాదన్నారు. మా మరిదేమో "9 అని రాసిచ్చాక ఆటో ఎందుకు వదినా, పాతిక వేలు దండగ" అంటాడు. డాక్టరు గారిని అడిగితే "ఏదైనా పర్లేదమ్మా" అన్నారు. ఆ మాటతోనే నాకు టెన్షన్ మొదలైంది. వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.

కూకట్‌పల్లి_బాబాయ్
మీ మరిది చెప్పింది సబబే అమ్మా. ఏళ్ల తరబడి నేను ఫిక్స్‌డ్ మీదే పడుకుంటున్నాను, ప్రెజర్ 10. అసలు ఈ చికిత్స పుట్టిందే ఫిక్స్‌డ్‌గా. 1981లో సిడ్నీలో కాలిన్ సలివన్ ఐదుగురు పేషెంట్ల మీద చేసి చూపించినప్పుడు ఆటో లేదు, గీటో లేదు.

ఆటో ఏదో ముందే కనిపెట్టి గాలి ఇస్తుందనుకుంటారు. అలా ఉండదు. గొంతు మూసుకోవడం మొదలై గాలి సన్నబడిందని పసిగట్టాక అప్పుడు పెంచుతుంది. ఆ ఎక్కడం దిగడంలోనే నాలాంటి పల్చటి నిద్రవాళ్లకి మెలకువ వస్తుంది. ఒక నెల మా బావమరిది ఆటో తెచ్చి వాడాను, తెల్లవారుజామున మాస్క్ పక్కనుంచి బుస్సుమని గాలి కొడుతుంటే లేచి కూర్చునేవాణ్ణి. అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం ఏఏఎస్‌ఎమ్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పెద్దవాళ్లకి రెండింట్లో ఏదైనా వాడొచ్చనే ఉంది. ఫలితం ఒకటే అయినప్పుడు పాతిక వేలు ఎందుకు పోయాలి? ఆ డబ్బుతో రెండు రకాల మాస్కులు కొనుక్కోండి.

ఫ్రిస్కో_తెలుగోడు
బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. 9 అన్నది ఒక్క రాత్రి లెక్క. తల నిండా వైర్లు, కొత్త మంచం, పక్క గదిలోంచి ఎవరో కెమెరాలో చూస్తున్నారు. ఆ రాత్రి ఎలా నిద్రపోయారో ఇంట్లోనూ అలాగే పోతారా? వెల్లకిలా పడుకుంటే ఒక ప్రెజర్ కావాలి, పక్కకి తిరిగితే ఇంకొకటి. జలుబు చేస్తే, పెళ్లిలో రెండు పెగ్గులు పడితే, ఐదారు కిలోలు పెరిగితే లెక్క మారుతుంది. ప్రతిసారీ ల్యాబ్‌కి పరిగెత్తలేం కదా.

ఇంకో సంగతి. ఆటో కొంటే దాన్ని ఫిక్స్‌డ్ మోడ్‌లో పెట్టి 9 దగ్గరే నడపొచ్చు. ఫిక్స్‌డ్ కొంటే దాన్ని ఆటో చేయలేం. ఇక్కడ టెక్సస్‌లో నాకు తెలిసిన మనవాళ్లందరికీ మొదటి రోజు నుంచే ఆటో ఇచ్చారు.

కూకట్‌పల్లి_బాబాయ్
మీ దగ్గర ఇస్తారు బాబూ, ఎందుకివ్వరు? అక్కడ ఇన్సూరెన్స్‌కి రెండింటికీ బిల్లింగ్ కోడ్ ఒకటే, ఈ0601. ధర తేడా పేషెంట్ జేబులోంచి పోదు. గుంటూరులో ఆ తేడా ఈవిడ జేబులోంచి పోతుంది.

ఫ్రిస్కో_తెలుగోడు
కోడ్ సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఊరికే ఏమీ ఇవ్వరు. మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలైనా వాడినట్టు మోడెమ్ ద్వారా డేటా వెళ్లాలి. లేకపోతే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు ఆపేస్తుంది, చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులదీ అదే దారి. ఇక్కడ మెషిన్ కంటే డేటాకే విలువ ఎక్కువ. గుంటూరు అక్కగారూ, 30 వేల మెషిన్‌లో డేటా ఏం వస్తుందో డీలర్‌ని అడిగారా?

స్లీప్‌ల్యాబ్_విశాఖ
నేను ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డాక్టర్‌ని కాదు, మందు చీటీలు రాయను. మెషిన్లు అమ్మను కూడా, ఆ మాట ముందే చెప్పాలి.

ఇద్దరూ మెషిన్ గురించే కొట్టుకుంటున్నారు. టైట్రేషన్ రిపోర్టు, అంటే ల్యాబ్‌లో ప్రెజర్ తేల్చిన రాత్రి రిపోర్టు, ఎవరూ అడగలేదు. అమ్మా, అందులో మూడు చూడండి. ఒకటి, 9 దగ్గర వెల్లకిలా పడుకుని ఉండగా ఆర్ఈఎమ్ నిద్ర, అంటే కలలొచ్చే దశ, వచ్చిందా? గొంతు ఎక్కువగా కుంగేది అప్పుడే. అది రాని రాత్రి వచ్చిన 9ని పూర్తిగా నమ్మలేం. రెండు, ఏ మాస్క్‌తో చేశారు? ముక్కు మాస్క్‌తో 9 సరిపోయినవాళ్లకి ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ పెడితే ఇంకొంచెం కావాల్సి రావడం మామూలే. ల్యాబ్‌లో ఒకటి వాడి, డీలర్ దగ్గర ఇంకొకటి కొని, తర్వాత "ప్రెజర్ సరిపోవట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లు మాకు బోలెడంతమంది. మూడు, సెంట్రల్ ఆప్నియాలు ఎన్ని? అవి గొంతు మూసుకోవడం వల్ల వచ్చేవి కావు, మెదడు నుంచి ఊపిరి తీయమని కబురు రాక ఆగేవి. అవి ఎక్కువుంటే అసలు ఈ చర్చే వేరు.

ఎవరికి ఆటో వద్దంటే: గుండె పంపింగ్ బలహీనపడినవాళ్లు, సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, భారీ కాయంతో పగలు కూడా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లు, నల్లమందు జాతి నొప్పి మాత్రలు రోజూ వాడేవాళ్లు. వీళ్లకి ల్యాబ్‌లో కూర్చోబెట్టి ప్రెజర్ తేల్చాల్సిందే, కొందరికి ఊపిరి తీసేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ప్రెజర్ ఇచ్చే బైపాప్ కావాలి. బాబాయ్ గారు చెప్పిన 2019 మార్గదర్శకాల్లో ఇంట్లోనే ఆటోతో మొదలుపెట్టొచ్చన్నది కూడా ఇలాంటి జబ్బులు లేనివాళ్లకే.

ఇక బాబాయ్ గారికి తెల్లవారుజామున బుస్సుమన్న గాలి. ఆ మెషిన్ రేంజ్ ఎంత పెట్టి ఉందో చూశారా అండీ? డబ్బాలోంచి తీసినప్పుడు 4 నుంచి 20 ఉంటుంది. చాలామంది డీలర్లు దాన్ని అలాగే వదిలేస్తారు. 4 దగ్గర ఎదిగిన మనిషికి గాలి చాలదు, దుప్పటి ముసుగేసుకున్నట్టు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. పైన 20 దాకా తెరిచి ఉంటే మాస్క్ లీకయినప్పుడు మెషిన్ తికమకపడి ఎక్కడికో ఎక్కి కూర్చుంటుంది. 9 తేలినవాళ్లకి మా డాక్టర్లు తరచూ 7 నుంచి 12 లాంటి ఇరుకు రేంజ్ రాస్తారు. అది మీ డాక్టరే రాయాలి, డీలర్ కాదు.

కూకట్‌పల్లి_బాబాయ్
రేంజ్ నేను చూడలేదు, బావమరిదిని అడగాలి. అయినా నా మాట మారదు. సరిగ్గా సెట్ చేస్తేనే పనిచేసే వస్తువుని, సెట్ చేసే నాథుడు లేని చోట ఎందుకు కొనమంటున్నారు? ఫిక్స్‌డ్‌లో చెడగొట్టడానికి ఏమీ ఉండదు.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
ఈ మాట మాత్రం గట్టిదే. చిన్న ఊళ్లలో ఫాలో-అప్ లేనివాళ్లకి నేనూ ఫిక్స్‌డే నయమంటాను, కాకపోతే డేటా ఉన్న ఫిక్స్‌డ్. ఉదాహరణకి రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10లో సీపాప్, ఎలీట్, ఆటోసెట్ అని ఉన్నాయి. మొదటి రెండూ ఫిక్స్‌డే. కానీ ఉత్త సీపాప్ మోడల్ ఎన్ని గంటలు వాడారో చెప్పి ఊరుకుంటుంది. ఎలీట్‌లో లీకేజీ ఎంత, మెషిన్ పెట్టాక కూడా మిగిలిన ఏహెచ్‌ఐ ఎంత, అన్నీ ఎస్డీ కార్డులో పడతాయి. చౌకగా దొరికే ఫిక్స్‌డ్‌లు ఎక్కువగా మొదటి రకమే. మనిషి మెషిన్ పెట్టుకునే పడుకుంటాడు, ఊపిరి మాత్రం ఆగుతూనే ఉంటుంది, ఎవరికీ తెలియదు.

కార్డు ఉంటే ఆస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఇంట్లోనే గ్రాఫులు చూసుకోవచ్చు. గ్రాఫ్ చూసి సెట్టింగులు సొంతంగా తిప్పేయకండి, డాక్టరుకి చూపించండి.

రాజమండ్రి_సెకండ్‌హ్యాండ్
ఇంత గొడవ ఎందుకండీ. పాత ఆటోలు 18, 20 వేలకి దొరుకుతున్నాయి. ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ ఒకటి చూశాను, కొత్తదానిలా ఉంది.

ఫ్రిస్కో_తెలుగోడు
ఆగండి ఆగండి. తయారీ తేదీ చూశారా? 2021 జూన్‌లో ఫిలిప్స్ రీకాల్ చేసింది వాటినే. చప్పుడు తగ్గడానికి లోపల పెట్టిన పాలియురేథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి, ఆ రేణువులూ వాయువులూ గాలి గొట్టంలోకి వచ్చే ప్రమాదం ఉందన్నారు. 2021 ఏప్రిల్ 26కి ముందు తయారైన మొదటి తరం డ్రీమ్‌స్టేషన్లు అందులో ఉన్నాయి. ఓజోన్‌తో శుభ్రం చేసిన మెషిన్లలో ఫోమ్ ఇంకా త్వరగా పాడవుతుందని కూడా చెప్పారు. పాతది కొనేటప్పుడు అవతలివాడు దేనితో కడిగాడో మీకెలా తెలుస్తుంది? సీరియల్ నంబర్ చూసుకోకుండా పైసా ఇవ్వకండి.

రాజమండ్రి_సెకండ్‌హ్యాండ్
అమ్మో. ఇది అమ్మేవాడు చెప్పలేదు.

యోగా_మాస్టర్_తిరుపతి
అందరూ డబ్బు మాట్లాడుతున్నారు. పది కిలోలు తగ్గితే మెషినే అక్కర్లేదు. పైగా సీపాప్ వాడినా గుండెపోట్లు తగ్గలేదని 2016లో పెద్ద అధ్యయనమే వచ్చింది.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
మీరు చెబుతున్నది సేవ్ ట్రయల్. అందులో సగటు వాడకం రాత్రికి 3.3 గంటలు, పైగా పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవాళ్లని చేర్చుకోలేదు. వీళ్లాయన టోల్‌గేట్ దగ్గర స్టీరింగ్ మీద నిద్రపోయారండి. బరువు తగ్గడం మంచిదే, చాలామందికి ఏహెచ్‌ఐ బాగా దిగుతుంది. లావుగా ఉన్న ఆప్నియా పేషెంట్లకి 2024 డిసెంబరులో బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి కూడా ఇచ్చింది. కానీ బరువు దిగడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆక్సిజన్ 76కి పడుతూ ఉంటే చూస్తూ కూర్చోమంటారా?

నెల్లూరు_కరెంటు
మెషిన్ ఏదైనా హ్యూమిడిఫయర్ ఉన్నది తీసుకోండి. మనది ఉక్క ఊరే కదా, తేమ ఎందుకనుకుంటారు, ఏసీ వేసుకుంటే తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది. ఏసీ మరీ చల్లగా పెడితే గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటాయి, అప్పుడు తేమ సెట్టింగ్ తగ్గించాలి, లేదా గొట్టాన్ని దుప్పటి కింద నుంచి తెచ్చుకోవాలి. ట్యాంకులో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, మా ఊరి బోరు నీళ్లు పోస్తే వారానికే తెల్లటి పెచ్చు కట్టింది. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది, ఎయిర్‌సెన్స్ 10 అడాప్టరే 90 వాట్లు. బ్యాటరీ మరీ పాతదైతే ఆ రాత్రికి హ్యూమిడిఫయర్ హీటర్ ఆపేస్తే సరి, ఎక్కువ కరెంటు లాగేది అదే.

గుంటూరు_ఇల్లాలు
అందరికీ చాలా థ్యాంక్స్. రిపోర్టు తీసి చూశాను. ల్యాబ్‌లో ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టారు. సెంట్రల్ అన్న చోట 2 అని ఉంది. 9 దగ్గర వెల్లకిలా ఆర్ఈఎమ్ అన్న గడిలో సున్నా నిమిషాలు. ఆ రాత్రంతా ఆయన ఎడమ పక్కకే తిరిగి పడుకున్నారట. గుండె ఎకో మామూలుగానే ఉంది. ఇవన్నీ డాక్టరు గారికి ఫోన్‌లో చదివి వినిపిస్తే, ఒక నెల ఆటో అద్దెకి తీసుకుని 8 నుంచి 13 పెట్టి చూద్దాం అన్నారు. డీలర్‌ని అడిగితే కొంటే అద్దె డబ్బు ధరలో తగ్గిస్తానన్నాడు.

ఫ్రిస్కో_తెలుగోడు
అంటే ఆటో గెలిచింది.

కూకట్‌పల్లి_బాబాయ్
అద్దెకి గెలిచింది, కొనడానికి కాదు. నెల తర్వాత కార్డులో 95 శాతం ప్రెజర్ అని ఒక అంకె వస్తుంది. రాత్రిలో 95 శాతం సేపు ప్రెజర్ దానికి మించలేదని అర్థం. అది రోజూ తొమ్మిదీ తొమ్మిదిన్నర మధ్యే తిరుగుతుంటే డేటా ఉన్న ఫిక్స్‌డ్ తీసుకోండి, పది పన్నెండు వేలైనా మిగులుతాయి. ఒక రోజు 8, ఒక రోజు 12 అని ఎగిరితే మాత్రం ఆటోనే కొనండి, నేను అడ్డం రాను. అద్దె తగ్గిస్తానన్న మాట రశీదు మీద రాయించుకోండమ్మా. మా ఏరియాలో ఒక షాపువాడు నోటితో చెప్పి తర్వాత నాలుక మడతేశాడు.

గుంటూరు_ఇల్లాలు
అలాగే బాబాయ్ గారూ. ఇంకొక్కటి, నవ్వకండి. మా ఆయనకి గుబురు మీసం. మాస్క్ సరిగ్గా అతకదు, తీసేయాలని డీలర్ అన్నాడట. ఈయన మెషినైనా మానేస్తాను గానీ మీసం తీయనంటున్నారు.

స్లీప్‌ల్యాబ్_విశాఖ
నవ్వడం ఎందుకమ్మా, వారానికొకరు అడుగుతారు. మీసం తీయక్కర్లేదు. ఫుల్ ఫేస్ అంచు బుగ్గల మీదా కింది పెదవి కిందా అతుకుతుంది, గడ్డం గుబురుగా ఉంటేనే అసలు ఇబ్బంది. ముక్కు మాస్క్ అయితే పై పెదవి మీద ఆనుతుంది కాబట్టి మీసం దగ్గర లీకవుతుంది. రాత్రి ఆయన నోరు తెరవకుండా పడుకునే పనైతే ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే నేసల్ పిల్లోస్ కూడా ఒకసారి పెట్టి చూడమనండి, మీసానికి అవి పెద్దగా తగలవు. షాపులో కూర్చోబెట్టి కాదు, పడుకోబెట్టి, మెషిన్ ఆన్ చేసి, ప్రెజర్ 10 దాకా పెంచి చూడాలి. అద్దె మెషిన్‌కి ఫిల్టర్ కొత్తది వేయించండి. మాస్క్ మాత్రం అద్దెది వద్దు, సైజు కొలిపించి కొత్తదే కొనండి. రెస్‌మెడ్ అయితే లీకేజీ నిమిషానికి 24 లీటర్లు దాటితే తెరమీదే చూపిస్తుంది. దాటుతుంటే అప్పుడు మీసం చివర్లు కాస్త కత్తిరించమని అడుగుదాం.