నాటకానికి ఫ్లెక్సీలు మానేసి మళ్లీ గుడ్డ తెరలు: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మా ఊళ్లో ఏటా శ్రీరామనవమికి పౌరాణిక నాటకం వేస్తాం. ఒకప్పుడు గుడ్డ మీద రంగులేసిన తెరలుండేవి. పదేళ్లుగా దర్బారుకీ అడవికీ అన్నిటికీ ఫ్లెక్సీలే. అదంతా పీవీసీ ప్లాస్టిక్. కాలిస్తే ఘాటు పొగ, పూడిస్తే కుళ్లదు. పోయినేడు పాతవి ఒక రైతుకి గడ్డివాము మీద కప్పుకోమని ఇచ్చాం. అవి ఎండకి పెళుసెక్కి, ముక్కలై చేనంతా పడ్డాయి. ఆయన ఇప్పటికీ తిడుతున్నారు, తప్పు మాదేలెండి.

ఈసారి నాలుగు తెరలు రాయిద్దామనుకుంటున్నాం. ఒక్కోటి 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. కోరా గుడ్డ చాలా, కాన్వాస్ కావాలా? రంగు పెచ్చులు ఊడకుండా కింద ఏం పూత వెయ్యాలి? మడత పెట్టొచ్చా, సురభి నాటక సమాజం వాళ్లు ఎలా దాచుకుంటారో ఎవరైనా చూశారా?

లైట్ల సంగతీ చెప్పండి. స్టేజీ మీదకి వెలుగు కొట్టే 1000 వాట్ల పార్ లైట్లు ఎనిమిది, వాటికోసం తెల్లారేదాకా డీజిల్ జనరేటర్. ఎల్‌ఈడీకి మారితే చిన్న జనరేటర్ సరిపోతుందని నా లెక్క. మా హార్మోనియం మాస్టారు మాత్రం ఆ వెలుగులో కిరీటాలు వెలవెలబోతాయంటున్నారు. కాస్త పసుపు ఛాయలో వెలిగే వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు వాడినవాళ్లున్నారా? రాత్రిపూట మొహాల మీద మేకప్ ఎలా కనిపించింది?