కన్స్యూమర్ కమిషన్ నోటీసు వచ్చింది, ఏం చేయాలి? (గుంటూరు)

కొత్తపేట గైనిక్
అందరికీ నమస్కారం. మొన్న సాయంత్రం జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు అందింది. సిజేరియన్ తర్వాత బ్లీడింగ్ ఆగక, ప్రాణం మీదికి వచ్చి గర్భసంచి తీసేయాల్సి వచ్చిన కేసు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్లారు. ఇప్పుడేమో 'మాకు చెప్పకుండా, అవసరం లేకపోయినా తీసేశారు' అని 60 లక్షలు అడుగుతున్నారు. జవాబుకు గడువెంత? ముందు లాయర్‌ని కలవాలా, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా? మెడికల్ కౌన్సిల్‌కు కూడా వెళ్తామంటున్నారు. నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సూర్యారావుపేట ఆర్థో
టెన్షన్ పడకండి మేడమ్. తుంటి ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చిందని నా మీదా కేసు వేశారు, గెలిచాను. గెలిపించింది ఒకే ఒక్క కాగితం. పేషెంటుకు షుగర్ ఎక్కువ, చీము పట్టొచ్చు, మళ్లీ తెరవాల్సి రావొచ్చు అని ఆపరేషన్‌కు ముందు రోజే తెలుగులో రాసి, పెద్దకొడుకుకు చదివి వినిపించి, 'డాక్టర్ గారు చెప్పింది అర్థమైంది' అని అతని సొంత చేతిరాతతో రాయించాను. కమిషన్ తన ఆర్డర్‌లో ఆ మాటనే ఎత్తి రాసింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే అది కన్సెంట్ కాదు. చాలాచోట్ల ఇప్పటికీ అదే జరుగుతోంది.

బ్రాడీపేట అడ్వకేట్
గడువు 30 రోజులు. నోటీసుతో పాటు ఫిర్యాదు కాపీ మీ చేతికి అందిన రోజు నుంచి లెక్క. కమిషన్ దయతలిస్తే మరో 15. 45 దాటాక తలకిందులుగా తపస్సు చేసినా మీ జవాబు తీసుకోరు, 2020లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనమే ఆ మాట తేల్చేసింది. కవరు పారేయకండి, అందిన తేదీ దాని మీదే ఉంటుంది. 60 లక్షలు అడిగారు కాబట్టి ఇది జిల్లా కమిషన్ పరిధి కాదనే వాదన జోలికీ పోవద్దు. 2019 చట్టంలో పరిధి చూసేది అడిగిన పరిహారాన్ని బట్టి కాదు, మీకు కట్టిన బిల్లును బట్టి.

తెనాలి పాత సర్జన్
అమ్మా, నేను సర్జరీ మొదలుపెట్టినప్పుడు మీలో చాలామంది పుట్టి ఉండరు. నా మాట విను. ముందు కేస్ షీట్ తీసి చూసుకో. రాత్రి డ్యూటీ వాళ్లు హడావుడిలో కోడిగీతలు గీసి ఉంటారు. ఖాళీలు ఉంటే పూరించి, శుభ్రంగా మళ్లీ రాయించు. జరిగిందే రాస్తున్నావు, అబద్ధం కాదుగా. జడ్జి గారికి చదవడానికి వీలుగా ఉండాలి.

బ్రాడీపేట అడ్వకేట్
దయచేసి ఎవరూ ఈ సలహా పాటించకండి. గెలిచే కేసును చేతులారా పోగొట్టుకునే దారి ఇది.

తెనాలి పాత సర్జన్
లాయర్ గారూ, పేషెంటుకు రక్తం పోతుంటే డాక్టరు కుట్లు వేస్తాడా, కాగితాలు నింపుతాడా? తర్వాత తీరిగ్గా రాసుకుంటే నేరమా?

విజయవాడ మత్తు డాక్టర్
సార్, మీరు పెద్దవారు, కానీ ఇది మాత్రం ఒప్పుకోను. ఆపరేషన్ అయిన వెంటనే ఆలస్యంగా రాయడం వేరు. 'ఎమర్జెన్సీ వల్ల ఇప్పుడు రాస్తున్నాను' అని ఆ రోజు తేదీ, టైమ్ వేసి సంతకం పెడితే ఎవరూ తప్పు పట్టరు. నోటీసు వచ్చాక పాత తేదీ వేసి రాయడం దొంగ రికార్డు. పైగా దొరికిపోతారు. ఆ ఫైల్ కాపీ ఇప్పటికే ఎన్టీఆర్ వైద్య సేవకో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కో వెళ్లి ఉంటుంది. పేషెంట్ తాలూకు వాళ్లు ఐసీయూ బయట నిలబడి ఫోన్లో ఫొటోలు తీసుకుని ఉంటారు. రెండు కాపీలూ పక్కపక్కన పెట్టారంటే ఇక మీరు ఎంత మంచి వైద్యం చేసినా ఒక్కరు నమ్మరు.

మేడమ్, మీరు చూసుకోవాల్సింది గడియారాలు. మా దగ్గర ఒక కేసులో థియేటర్ గోడ గడియారం, మానిటర్ టైమ్, లేబర్ రూమ్ గడియారం మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. దాంతో రక్తం ఎక్కించాకే బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగ్ బయటికి వచ్చినట్టు కాగితాల్లో తేలింది. అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్ అంతా దాని మీదే నడిపాడు. మీ నోట్స్, స్టాఫ్ నర్సు నోట్స్, అనస్థీషియా చార్టు, బ్లడ్ బ్యాంకు రిజిస్టర్ నాలుగూ ముందేసుకోండి. తేడాలుంటే దిద్దకండి, ఎందుకు వచ్చాయో అఫిడవిట్‌లో చెప్పండి. బీపీ ఎప్పుడు పడిపోయిందో, బ్లీడింగ్ ఆపే ఆక్సిటోసిన్, కార్బోప్రోస్ట్ మందులు ఎప్పుడు ఇచ్చారో, గర్భసంచికి కుట్లు వేసి ఆపే ప్రయత్నం చేశారో లేదో, ఎన్ని బ్యాగులు ఎక్కాయో వరసలో కనిపిస్తే 'అవసరం లేకపోయినా తీసేశారు' అనే మాట నిలబడదు.

తెనాలి పాత సర్జన్
దొంగ రికార్డు అని నా మొహం మీదే అంటున్నారు. మర్యాద నేర్చుకోండి. మా రోజుల్లో జనం డాక్టరును నమ్మేవాళ్లు, ఈ గడియారాల గొడవ ఉండేది కాదు.

మంగళగిరి రమ
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నేను డాక్టర్ని కాదు. మా నాన్న విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చనిపోయారు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఫైల్ కాపీ అడిగాం. 'రేపు రండి', 'మేనేజర్ లేరు', 'పెద్ద డాక్టరు సంతకం కావాలి' అంటూ తిప్పారు. ఒక్కరు కూర్చోబెట్టి మాట్లాడలేదు. అప్పటిదాకా కేసు ఆలోచనే మాకు లేదు. చివరికి లాయర్ నోటీసు ఇస్తే వచ్చిన కాగితాల్లో రెండు పేజీలు వేరే ఇంకుతో ఉన్నాయి. ఇప్పుడు ఈ పెద్దాయన 'మళ్లీ రాయించు' అంటుంటే నా ఒళ్లు మండిపోతోంది.

సూర్యారావుపేట ఆర్థో
మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఒక ఆసుపత్రి చేసిన దానికి అందరినీ ఒకే గాటన కట్టొద్దు. పేషెంటు చనిపోతే శవాన్ని గేటు ముందు పెట్టి, అద్దాలు పగలగొట్టి, డబ్బులు ఇచ్చేదాకా కదలం అనేవాళ్లను మేం చూస్తున్నాం. మా జూనియర్ తలకు కుట్లు పడ్డాయి. 2008లో ఆసుపత్రులపై దాడులకు ప్రత్యేక చట్టం వచ్చింది, నాన్ బెయిలబుల్ కూడా. అయినా స్టేషన్‌కు వెళ్తే 'మాట్లాడుకుని సెటిల్ చేసుకోండి' అంటారు.

మంగళగిరి రమ
మేము అద్దాలు పగలగొట్టలేదు. కాగితం అడిగాం. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

విజయవాడ మత్తు డాక్టర్
రమ గారు చెప్పిందే నిజం. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంటు గానీ, అధికారం ఉన్న బంధువు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్-పేషెంటు రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. నన్నడిగితే కేసు తేలేవరకూ ముట్టుకోకూడదు. కౌన్సిల్‌కు వెళ్లే ఫిర్యాదుల్లో 'ఫైల్ ఇవ్వలేదు' అన్నది పట్టుకుంటే డాక్టరు దగ్గర సమాధానమే ఉండదు.

పటమట ఫిజీషియన్
అసలు డాక్టర్లు కన్స్యూమర్ చట్టంలో ఎందుకు ఉండాలి? 2024 మేలో లాయర్లు ఆ చట్టం కిందికి రారని సుప్రీం కోర్టు చెప్పింది. మనల్ని 1995లో శాంత కేసుతో లాగారు. ఇదేం న్యాయం? మన అసోసియేషన్ గట్టిగా అడగాలి.

బ్రాడీపేట అడ్వకేట్
అదే తీర్పులో శాంత కేసును మళ్లీ పరిశీలించాలని కూడా అన్నారు. కానీ ఆ ఏడాది నవంబర్‌లో ముగ్గురు జడ్జిల బెంచ్ ఆ అవసరం లేదని పక్కన పెట్టింది. దాని మీద ఆశ పెట్టుకుని మేడమ్ గారి కేసు నడపలేం.

పటమట ఫిజీషియన్
మీకు మినహాయింపు వచ్చింది కాబట్టి మీరు అలాగే అంటారు. మాకు మాత్రం క్రిమినల్ కేసు, కన్స్యూమర్ కేసు, కౌన్సిల్ మూడు వైపులా దెబ్బ.

బ్రాడీపేట అడ్వకేట్
క్రిమినల్ కేసులో మీకు రక్షణ లేదనడం తప్పు. 2005 జేకబ్ మాథ్యూ తీర్పు చదవండి. ఘోరమైన నిర్లక్ష్యం అయితేనే క్రిమినల్. వేరే డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది తీసుకోకుండా పోలీసులు ముందుకు పోకూడదు, మామూలుగా అరెస్టు చేసేయకూడదు. మరోవైపు, నిపుణుడి సాక్ష్యం లేకపోతే కేసు నిలవదని ధీమాగా ఉండేవాళ్లు 2010 కిషన్ రావు కేసు గుర్తుపెట్టుకోండి. మలేరియాను టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన హైదరాబాద్ కేసు. ప్రతి కేసుకూ నిపుణుడు అక్కర్లేదని సుప్రీం కోర్టు చెప్పింది.

కొత్తపేట గైనిక్
నా ప్రశ్న ఎటో వెళ్లిపోయింది. గర్భసంచి తీసేముందు పేషెంటుకు మత్తులో స్పృహ లేదు. భర్తను థియేటర్ తలుపు దగ్గరికి పిలిపించి, నేనే చెప్పి సంతకం తీసుకున్నా. అది చెల్లదని వాళ్ల లాయర్ సమీరా కోహ్లీ కేసు చూపిస్తున్నాడు. అది నన్ను ముంచుతుందా?

బ్రాడీపేట అడ్వకేట్
ముంచదు. 2008 నాటి ఆ కేసులో పరీక్ష కోసం చేసిన లాపరోస్కోపీకి (కడుపులోకి చిన్న కెమెరా పంపి చూడటానికి) మాత్రమే పేషెంటు ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అక్కడ ప్రాణాపాయం లేదు, ఆమెకు మెలకువ వచ్చాక అడిగి ఉండొచ్చు. ప్రాణం కాపాడటానికి వెంటనే చేయక తప్పని పరిస్థితిలో అనుమతి లేకపోయినా చేయొచ్చని అదే తీర్పు చెబుతోంది. మీ బలం భర్త సంతకం కంటే ఆ అరగంటలో రాసిన నోట్స్‌లో ఉంది. రెండో డాక్టరును పిలిచి ఉంటే ఆ డాక్టరు రాసిన నోట్ కూడా జతచేయండి.

విజయవాడ మత్తు డాక్టర్
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ రోజే రాతపూర్వకంగా కంపెనీకి తెలియజేయండి, నోటీసు కాపీ పెట్టండి, అందినట్టు రసీదు తీసుకోండి. ఇండెమ్నిటీ పాలసీలు (డాక్టరు మీద కేసు పడితే పరిహారం భరించే బీమా) ఎక్కువగా క్లెయిమ్ వచ్చిన తేదీని బట్టి నడుస్తాయి, ఆలస్యం చేస్తే తిరకాసు పెడతారు. వాళ్లకు చెప్పకుండా పేషెంటుతో రాజీ మాట్లాడకండి, తప్పు ఒప్పుకున్నట్టు ఫోన్లో, వాట్సాప్‌లో ఏమీ రాయకండి. ఆసుపత్రి పేరు మీద వేరే పాలసీ ఉంటే అదీ తీయండి. కేసులో మీ పేరుతో పాటు నర్సింగ్ హోమ్‌నూ చేర్చి ఉంటారు.

కొత్తపేట గైనిక్
ఆసుపత్రినీ చేర్చారు. కంపెనీకి మెయిల్ ఇప్పుడే పంపాను. ఫైల్ ఒరిజినల్ సీల్ చేసి బీరువాలో పెట్టించి, పేజీ నంబర్లు వేసిన జిరాక్స్ లాయర్‌కు ఇస్తున్నా. కంపెనీ మారినప్పుడు పాలసీలో పాత తేదీ కొనసాగించారో లేదో మాత్రం తెలియడం లేదు. అది ఎక్కడ రాసి ఉంటుంది?

విజయవాడ మత్తు డాక్టర్
పాలసీ షెడ్యూల్ మొదటి పేజీలో 'రెట్రోయాక్టివ్ డేట్' అని వెతకండి, ఎప్పటి నుంచి చేసిన వైద్యానికి పాలసీ వర్తిస్తుందో చెప్పే తేదీ అది. ఆ ఆపరేషన్ తేదీకి ముందు తేదీ ఉంటే చాలు.