చేనేత చీర వివరణలో ‘ఫ్లా’ అనాలా, ‘డిఫెక్ట్’ అనాలా?

కొంగుముడి:
పోచంపల్లి ఇక్కత్ చీరలు ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. బయటి రాష్ట్రాలవాళ్లు, అమెరికావాళ్లు కూడా కొంటారు కాబట్టి వివరణ ఇంగ్లిష్‌లోనే రాయాలి. నేతలో వచ్చే చిన్నాచితకా తేడాలకు ఏ మాట వాడాలో తెలియడం లేదు. ఫ్లా, డిఫెక్ట్, ఫాల్ట్, బ్లెమిష్, ఇంపర్‌ఫెక్షన్... నిఘంటువులో చూస్తే అన్నిటికీ ‘లోపం’ అనే ఉంది. ప్రస్తుతం పెట్టింది ఇది: ‘స్మాల్ ఫ్లోస్ ఆర్ దేర్. డిఫెక్టెడ్ పీసెస్ విల్ బి ఎక్స్‌ఛేంజ్‌డ్.’ సరిగానే ఉందా?

నూలుపోగు:
చీరలో ఉన్నది ఏమిటో ముందు తేల్చుకోండి, మాట తర్వాత.

ఇక్కత్‌లో పోగులకు కట్లు కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. మగ్గం మీద ఆ పోగు వెంట్రుకవాసి జరిగినా డిజైన్ అంచు కాస్త చెదిరినట్టు కనిపిస్తుంది. అది ఆ నేత లక్షణం. దాన్ని ఫ్లా అని రాస్తే మీ సరుకుని మీరే తక్కువ చేసుకున్నట్టు. అక్కడక్కడ లావుగా తగిలే నూలు, తెగిన పోగును అతికిన ముడి లాంటివాటికి ‘ఇర్రెగ్యులారిటీ’ చాలు. ‘ఇంపర్‌ఫెక్షన్’ అన్నా ఫర్వాలేదు, మెత్తటి మాటే.

పేక పోగు తప్పి అడ్డంగా సన్నగీత పడినా, పడుగు పోగు తెగి నిలువునా సందు కనిపించినా అప్పుడు ‘వీవింగ్ ఫ్లా’. చీర కట్టుకోవడానికి పనికొస్తుంది, కానీ లోపం నేతలోనే ఉంది. చిల్లు, చిరుగు, ఉతికితే రంగు దిగడం ఇవి డిఫెక్టులే. వీటిని ఇర్రెగ్యులారిటీ అనే ముసుగులో దాచొద్దు, పార్సిల్ విప్పగానే బయటపడుతుంది.

బ్లెమిష్ అంటే పైపైన కనబడే మచ్చ. మొహానికి, మామిడిపండు తొక్కకు బాగుంటుంది. చీర మీద మరకైతే ‘స్టెయిన్’ అనేయండి. ఫాల్ట్ మాట మిల్లుల్లో బట్ట తనిఖీ చేసేవాళ్లు వాడతారు గానీ, మామూలు కొనుగోలుదారుకి యంత్రం చెడిపోవడమో, తప్పెవరిదన్న పంచాయితీయో గుర్తొస్తుంది. వదిలేయండి.

తూనికరాయి:
పై జవాబు బాగుంది. అయితే మెత్తటి మాట రాస్తే బాధ్యత తప్పుతుందని మాత్రం అనుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10)లో డిఫెక్ట్ నిర్వచనం చదవండి: ఫాల్ట్, ఇంపర్‌ఫెక్షన్, షార్ట్‌కమింగ్ మూడూ అందులోనే ఉన్నాయి. నాణ్యత, పరిమాణం, స్వచ్ఛత వగైరాల్లో ఉండాల్సిన ప్రమాణం తగ్గితే డిఫెక్టే. ఆ ప్రమాణం చట్టం పెట్టిందే కానక్కర్లేదు, అమ్మేవాడు తానుగా చెప్పుకున్నదైనా చెల్లుతుంది. అంటే ‘ప్యూర్ సిల్క్’, ‘ఫ్లాలెస్ ఫినిష్’ అని మీరు రాసిన ప్రతి మాటా మీ మీదకే కొలబద్ద అవుతుంది. వజ్రాల గ్రేడింగ్‌లో ‘ఫ్లాలెస్’ రావాలంటే పది రెట్లు పెద్దది చేసి చూసినా లోపలా పైనా ఏమీ కనిపించకూడదు. చేనేత చీరకి ఆ మాట ఎందుకు చెప్పండి!

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువు డిఫెక్టివ్ అయినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. కాబట్టి లోపం ఉన్న చీరకి విడిగా ఫొటో పెట్టండి, పక్కన స్కేలు ఉంచి. ఎక్కడ, ఎంత పొడవు అన్నది అంకెల్లో రాయండి. ‘ఎ 2-సెంటీమీటర్ వీవింగ్ ఫ్లా నియర్ ది పల్లూ’ అన్నది వంద ‘స్లైట్’ల కంటే నయం.

ఇంకోటి, పార్సిల్ ఆలస్యమైతే దాన్ని డిఫెక్ట్ అనరు. సేవలో లోటుకి చట్టంలో మాట ‘డెఫిషియెన్సీ’, సెక్షన్ 2(11).

అచ్చుతప్పు:
ఇక మీ రెండు వాక్యాలు. ‘డిఫెక్టెడ్ పీసెస్’ వెంటనే తీసేయండి. డిఫెక్ట్‌ని క్రియగా వాడితే పార్టీ ఫిరాయించడం. 1985లో వచ్చిన యాంటీ డిఫెక్షన్ చట్టంలో ఉన్నది ఆ డిఫెక్షనే. మీ చీరలు గోడ దూకలేదు కదా! వస్తువుకి ‘డిఫెక్టివ్’.

‘ఫ్లోస్’ అంటే ప్రవాహాలు. మీకు కావలసిన మాట స్పెల్లింగ్‌లో ఎల్ తర్వాత ఏ, డబ్ల్యూ రావాలి, ఓ కాదు. స్పెల్‌చెక్ దీన్ని పట్టుకోదు, రెండూ సరైన మాటలే కాబట్టి. ‘ఫ్లోలెస్’ అని రాసేది కూడా ఇందుకే.

ఫ్లాని లెక్కపెట్టొచ్చు, అందుకని ఒకటైతే ముందు ‘ఎ’ తప్పదు. ఎక్కడుందో చెప్పడానికి ‘ఇన్’: ‘ఎ ఫ్లా ఇన్ ది బోర్డర్’. ‘ఫ్లాడ్’ అన్న విశేషణం చీరకి వాడకండి. ‘ఫ్లాడ్ శారీ’ అంటే మొత్తం చీరే బాగాలేదని వినిపిస్తుంది. అది వాదనకో, ప్లానుకో సరిగ్గా అతుకుతుంది.

కొంగుముడి:
ఇలా మార్చాను: ‘స్లైట్ ఇర్రెగ్యులారిటీస్ ఆర్ నేచురల్ టు హ్యాండ్ వీవింగ్ అండ్ ఆర్ నాట్ డిఫెక్ట్స్. ఎనీ వీవింగ్ ఫ్లా ఈజ్ షోన్ ఇన్ ది ఫొటోస్. డిఫెక్టివ్ శారీస్ విల్ బి ఎక్స్‌ఛేంజ్‌డ్.’

తూనికరాయి:
చివరి వాక్యంలో ‘ఆర్ రిఫండెడ్’ (లేదా డబ్బు వాపసు ఇస్తాం అని) చేర్చండి. మార్చి ఇవ్వడానికి అదే డిజైన్ రెండో చీర మీ దగ్గర ఉండకపోవచ్చు.