పనోరమాకి నోడల్ హెడ్ తప్పనిసరా, లైట్‌రూమ్ మెర్జ్ చాలా?

కావలి కెమెరా
నెల్లూరు రంగనాథస్వామి గుడి గాలిగోపురం, మైపాడు బీచ్, చీమకుర్తి గ్రానైట్ క్వారీ. మూడింటినీ పనోరమాలుగా (పక్కపక్క ఫ్రేములు కలిపిన వెడల్పాటి ఫొటోలుగా) తీసి 12 అడుగుల ఫ్లెక్సీలు వేయించాలి. ఉన్నది 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సార్ బాడీ, 18-55 లెన్స్, మామూలు బాల్ హెడ్ ట్రైపాడ్. నోడల్ హెడ్ (కెమెరా లెన్స్ చూపు బిందువు చుట్టూ తిరిగేలా పట్టే ట్రైపాడ్ తల) లేనిదే ఫ్రేములు కలవవని కొందరు, లైట్‌రూమ్‌లో కంట్రోల్ ఎం (ఫ్రేములు కలిపే మెర్జ్) కొడితే చాలని కొందరు అంటున్నారు. ఎవరి మాట పట్టుకోవాలి?

ఒంగోలు లెన్స్
నోడల్ హెడ్ అక్కర్లేదు తమ్ముడూ. లెక్క చూడు. 35 ఎంఎం దగ్గర కెమెరా నిలువుగా పెట్టి, 40 శాతం ఓవర్‌ల్యాప్‌తో 6 ఫ్రేములు తీస్తే దాదాపు 100 డిగ్రీలు, 16,000 పిక్సెళ్ళ వెడల్పు వస్తుంది. 12 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) లెక్కన 10,368 చాలు. లెన్స్ ప్యూపిల్, అంటే లెన్స్ చూపు బిందువు, ట్రైపాడ్ స్క్రూకి 8 సెంటీమీటర్లు ముందుంది అనుకో. ఫ్రేముకి 15 డిగ్రీలు తిప్పితే అది 2 సెంటీమీటర్లు జరుగుతుంది. క్వారీ ఎదుటి గోడ 200 మీటర్ల దూరంలో ఉంటే ఆ జరుగుడు ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా ఉండదు. దానికోసం వేలు పోయడం దండగ.

ఎం మోడ్, ఎఫ్/8, ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్ డేలైట్, ఫోకస్ మాన్యువల్. షట్టర్ స్పీడు అన్నిటికంటే వెలుతురు ఎక్కువున్న ఫ్రేము చూసి పెట్టు, మళ్ళీ ముట్టుకోకు. పోలరైజర్ తీసెయ్, లేకపోతే ఆకాశంలో ఒకచోట ముదురు నీలం పట్టీ పడుతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. రా ఫైళ్ళతో మెర్జ్ చేస్తే డీఎన్‌జీ (రా లాంటి ఫైలే) వస్తుంది, వైట్ బ్యాలెన్స్, హైలైట్స్ తర్వాత కూడా మార్చుకోవచ్చు.

పెన్నా గట్టు
అన్నా, లెక్క కరెక్టే, కానీ సగమే చెప్పారు. అదే 2 సెంటీమీటర్ల జరుగుడుకి 2 మీటర్ల దూరంలో ఉన్న ఇనుప కంచె ఎంత జరుగుతుంది? 90 పిక్సెళ్ళు పైనే. క్వారీ అంచున కంచె ఫ్రేములోకొస్తే ఆ కమ్మీ మధ్యలో తెగి, రెండు ముక్కలుగా కనిపిస్తుంది. గుడి వీధిలో ఇంకా కష్టం. కరెంటు తీగలు తలకి దగ్గర, గోపురం దూరం. వెనకున్న శిల్పాలు కలిస్తే తీగ విరుగుతుంది, తీగ కలిస్తే శిల్పం చెదురుతుంది. లైట్‌రూమ్‌లో అతుకు ఎక్కడ పడాలో మన చేతిలో ఉండదు. హగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌లో మాస్క్ గీసి, ఫలానా ఫ్రేములోని తీగ వద్దని చెప్పొచ్చు. అదీ ఉచితంగా.

ఒంగోలు లెన్స్
అందుకే నిలబడే చోటు మార్చమంటాను. కంచెకి ఇవతల కాకుండా, దగ్గరి వస్తువు ఫ్రేములోకి రాని చోట నిలబడితే గొడవే లేదు.

పెన్నా గట్టు
రంగనాయకులపేట వీధిలో వెనక్కి జరగడానికి ఎంత చోటుంటుంది అన్నా? తీగలు లేని చోటు వెతకడమంటే గోపురం వదిలేసుకోవడమే. నోడల్ హెడ్ కొనమని నేనూ అనను. కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే పొడుగాటి స్లైడింగ్ ప్లేటు ఒకటి చాలు. దగ్గర ఒక కర్ర, దూరంగా ఒక స్తంభం ఒకే వరసలో పెట్టి కెమెరాని కుడికి తిప్పాలి. దగ్గరి కర్ర స్తంభానికి ఎడమగా జరిగితే లెన్స్ ముందుకుంది, కెమెరాని వెనక్కి లాగాలి. కుడిగా జరిగితే ముందుకి తోయాలి. రెండూ కదలకుండా నిలిచిన చోట ప్లేటు మీద గీత పెట్టుకోవాలి. జూమ్ మారితే ఆ చోటు మారుతుంది, 18కి ఒక గీత, 35కి ఒక గీత.

ఇంకోటి. బాల్ హెడ్‌కి తిరిగే బేస్ కిందుంటుంది. పైన బాల్ లెవెల్ చేసి లాభం లేదు, కాళ్ళే లెవెల్ చేయాలి. లేకపోతే తిప్పేకొద్దీ ఫ్రేము ఓరవుతుంది, కలిపాక పైనా కిందా బోలెడు కోసెయ్యాల్సొస్తుంది.

కందుకూరు క్లిక్స్
మీ ఇద్దరి వాదన గుడికీ క్వారీకీ సరే. మైపాడు సంగతి వేరు. అక్కడ తిప్పలు ప్యారలాక్స్‌తో (తిప్పినప్పుడు దగ్గరిదీ దూరానిదీ వేర్వేరుగా జరగడంతో) కాదు, అలలతో. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య నీళ్ళు మారిపోతాయి. హగిన్ కంట్రోల్ పాయింట్లు (రెండు ఫ్రేముల్లో ఒకే చోటుని చూపే గుర్తులు) తానే వెతికినప్పుడు నురగ మీదా మబ్బుల మీదా పెట్టేస్తుంది, దాంతో లెక్క మొత్తం వంకరపోతుంది. కంట్రోల్ పాయింట్ల పట్టికలో దూరం ఎక్కువ చూపించేవాటిని, నీళ్ళ మీదున్నవాటిని తీసెయ్యండి. ఒడ్డున ఇసుక, పడవలు, దూరపు చెట్ల మీద చేత్తో పెట్టి మళ్ళీ ఆప్టిమైజ్ చేయండి. సముద్రం గీత మీద హారిజాంటల్ లైన్ పాయింట్లు పెడితే క్షితిజం వాలకుండా తిన్నగా వస్తుంది.

లైట్‌రూమ్ వాడేవాళ్ళకి ఒక జాగ్రత్త: అంచుల్లో తెల్లఖాళీ పోవాలని బౌండరీ వార్ప్ (ఫొటోని అంచుల దాకా సాగదీసే స్లైడర్) 100కి తోస్తారు. సముద్రం గీత వంగేది అక్కడే. 0లో ఉంచి క్రాప్ చేసుకోండి.

కావలి కెమెరా
గోపురానికి ప్రొజెక్షన్ (వెడల్పాటి దృశ్యాన్ని చదునుగా పరిచే పద్ధతి) ఏది పెట్టాలి? పర్‌స్పెక్టివ్ పెడితే అంచుల్లో ఇళ్ళు సాగిపోతున్నాయి.

పెన్నా గట్టు
100 డిగ్రీలకి అది సాగక తప్పదు. 120 దాటితే పనికే రాదు. సిలిండ్రికల్‌లో నిలువు గీతలు నిలబడతాయి కానీ ప్రహరీ గోడ విల్లులా వంగుతుంది. హగిన్‌లో పానీని అని ఉంటుంది, వీధి దృశ్యాలకి నేను దాన్నే చెప్తాను. ఇది నిలువు గీత అని హగిన్‌కి చెప్పే నిలువు పాయింట్లు మాత్రం గోపురం అంచుల మీద పెట్టొద్దు. గోపురం పైకిపోయేకొద్దీ సన్నబడుతుంది కదా, దాన్ని నిలువు అనుకుంటే పక్కిళ్ళన్నీ బయటికి వాలతాయి. ద్వారబంధం మీదో, పక్క ఇంటి మూల మీదో పెట్టండి. వాలుని తానే సరిచేసే లైట్‌రూమ్ అప్‌రైట్ ఆటోకి కూడా గోపురం వాలుతో ఇదే తిప్పలు. గైడెడ్ పెట్టి గీతలు చేత్తో గీయాలి.

ఒంగోలు లెన్స్
గోపురం వాలు మాట నిజం, ఒప్పుకుంటాను. హగిన్‌కి 16 బిట్ టిఫ్‌లు ఇవ్వాలని కూడా చెప్పండి. ఆరు ఫైళ్ళకీ ఒకే వైట్ బ్యాలెన్స్, షార్పెనింగ్ సున్నా. క్వారీకి మాత్రం నా మాట మారదు: కంచె దాటి నిలబడమని కాదు, అది ప్రమాదం. లెన్స్‌ని కమ్మీల సందులో పెట్టి తీస్తే కంచె ఫ్రేములోకే రాదు, కంట్రోల్ ఎం చాలు.

పెన్నా గట్టు
సందులో పెడితే 100 డిగ్రీలు తిప్పేసరికి చివరి ఫ్రేముల్లోకి కమ్మీ వచ్చేస్తుంది అన్నా. అక్కడ 60 డిగ్రీలతో ఆపి 55 ఎంఎంలో తీయమనండి, అప్పుడు ఒప్పుకుంటా.