పికెట్ లైన్ దాటి పాలు కొంటే తప్పా?

వూస్టర్_వాసి:
నిన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో పాత గొడవ మళ్లీ లేచింది, ఇక్కడైనా తేలుతుందేమోనని రాస్తున్నా. 2019 ఏప్రిల్‌లో ఇక్కడ అమెరికాలో స్టాప్ అండ్ షాప్ సూపర్ మార్కెట్లలో సమ్మె జరిగింది గుర్తుందా? మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్‌లలో కలిపి 31 వేల మంది ఉద్యోగులు, 240కి పైగా స్టోర్లు. పాత ఒప్పందం ఫిబ్రవరిలోనే ముగిసింది, కొత్తదాని మీద మాటలు కుదరక ఏప్రిల్ 11న చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చేశారు. మూడో రోజున నేను స్టోరు బయట వాళ్లు నిలబడ్డ వరుస, అదే పికెట్ లైన్, దాటి లోపలికెళ్లి పాలు, పెరుగు, డైపర్లు తెచ్చుకున్నా. బయట అట్ట పట్టుకుని నిలబడినావిడ నాకు ఎప్పుడూ బిల్లు కొట్టే ఆవిడే. తిట్టలేదు, "పాప ఎలా ఉంది?" అని అడిగింది, అంతే. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మా ఆవిడేమో మన డబ్బు మనిష్టం, అందులో తప్పేంటి అంటుంది.

కూపన్_కింగ్:
వదినగారే రైట్. అప్పట్లో కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఫుల్ టైమ్ వాళ్లకి సగటున గంటకి 21.30 డాలర్లు, పైన పెన్షన్. మన ఐటీలో పెన్షన్ ఎవడిస్తున్నాడు చెప్పండి? ఆ ఖర్చంతా చివరికి మన బిల్లులోకే వస్తుంది. అదే ఇక్కడి ఇంకో సూపర్ మార్కెట్ చెయిన్ మార్కెట్ బాస్కెట్ చూడండి, యూనియన్ లేదు, ధరలు తక్కువ, ఆదివారం కార్ పెట్టడానికి చోటు దొరకదు. ఇక సమ్మె గెలిచామని చంకలు గుద్దుకున్నారు కదా, 2024లో స్టాప్ అండ్ షాప్ 32 స్టోర్లు మూసేస్తామంది. ఏం గెలిచినట్టు?

ఏలూరు_అమ్మాయి:
కింగ్ గారూ, ఆ 21.30 ఫుల్ టైమ్ వాళ్ల సగటు అని మీరే రాశారు. అక్కడ ఎక్కువమంది పార్ట్ టైమ్ వాళ్లే. నేను ఒక గ్రోసరీ చెయిన్‌లో (పేరొద్దులెండి, యూనియన్ లేదు) రెండేళ్లు పార్ట్ టైమ్ చేశాను. ఈ వారం 24 గంటలు, వచ్చే వారం 11, ఆ పైవారం ఏమిటో షెడ్యూల్ వచ్చేదాకా తెలీదు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలీని టెన్షన్. గంట రేటు ఎంతైనా గంటలే లేకపోతే ఏం లాభం?

వాళ్లు అదనంగా ఏదో అడిగి రోడ్డెక్కలేదు, ఉన్నది ఊడబెరుకుతామంటే ఎక్కారు. హెల్త్ ఇన్సూరెన్స్‌కి జీతంలోంచి కోత పెంచుతామన్నారు, వేరే చోట ఇన్సూరెన్స్ దొరికే భర్తకో భార్యకో ఇక్కడ కవరేజీ తీసేస్తామన్నారు, పెన్షన్ తగ్గిస్తామన్నారు, ఆదివారం పనికిచ్చే ఒకటిన్నర రెట్ల జీతం కొత్తగా చేరేవాళ్లకి ఇచ్చేది లేదన్నారు. అడిగిందేమన్నా నష్టాల్లో ఉన్న కంపెనీయా? దాని యజమాని ఆహోల్డ్ డెలెజ్, నెదర్లాండ్స్‌ది, అంతకుముందు ఏడాది లాభం 200 కోట్ల డాలర్లు దాటింది.

జేబీఎస్_టు_కరీంనగర్:
నేనూ దాటినవాణ్ణే, కాకపోతే ఇక్కడ కాదు, హైదరాబాద్‌లో. అదే ఏడాది అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది, 48 వేల మంది దాకా, 52 రోజులు. వాళ్లంతా "సెల్ఫ్ డిస్మిస్", అంటే తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టే అని ప్రభుత్వం అనేసింది. సరిగ్గా దసరా ముందు. తాత్కాలిక డ్రైవర్ నడిపిన బస్సెక్కే ఊరెళ్లాను, ఇంకో దారి లేదు మరి. కానీ అన్నా, మీకు దారి ఉండె. రోడ్డవతల ఇంకో స్టోరు ఉంది కదా! ఆర్టీసీ వాళ్లకి లేని బలం స్టాప్ అండ్ షాప్ వాళ్లకి అదే, జనం వేరే చోట కొనుక్కోగలరు. పాస్ ఓవర్ పండగ ముందు యూదుల పూజారులు కూడా కొందరు అక్కడ కొనొద్దని చెప్పారు, సరుకు తెచ్చే లారీ డ్రైవర్ల యూనియన్ మేం పికెట్ లైన్ దాటేది లేదంది. పది రోజుల్లో, ఈస్టర్ ఆదివారం రాత్రికి ఒప్పందం వచ్చేసింది. ఆ తర్వాత కంపెనీయే చెప్పుకుంది, 34 కోట్ల 50 లక్షల డాలర్ల అమ్మకాలు పోయాయని.

కూపన్_కింగ్:
ఒక్క ఉదాహరణ పట్టుకుని ఊగకండి. దక్షిణ కాలిఫోర్నియాలో 2003 అక్టోబర్ నుంచి నాలుగున్నర నెలలు సమ్మె చేశారు. వాన్స్ అనే సూపర్ మార్కెట్ చెయిన్ మీద సమ్మె అంటే, రాల్ఫ్స్, ఆల్బర్ట్‌సన్స్ అనే మరో రెండు చెయిన్లు తమ ఉద్యోగుల్నీ పనిలోకి రానివ్వకుండా తలుపులేసేశాయి. జనం సానుభూతి బోలెడు. చివరికి దక్కిందేంటి? పాతవాళ్లకో జీతం, కొత్తవాళ్లకో తక్కువ జీతం. నాలుగు నెలల అద్దె ఎవరు కట్టారు వాళ్లకి?

ఏలూరు_అమ్మాయి:
నిజమే, అక్కడ ఓడిపోయారు. కానీ మిగతాది కూడా చెప్పండి. తలుపులేసిన రాల్ఫ్స్ ఆ ఉద్యోగుల్లో కొందరినే దొంగ పేర్లతో గుట్టుగా పనిలో పెట్టుకుంది, కోర్టులో నేరం ఒప్పుకుని ఏడు కోట్ల డాలర్లు కట్టింది. ఆ రెండు రకాల జీతాల పద్ధతినీ 2007 ఒప్పందంలో చాలావరకు తీసేయాల్సి వచ్చింది.

ఇంకోటి, మీరన్న 32 స్టోర్లలో 17 న్యూజెర్సీ, న్యూయార్క్‌లవి. సమ్మె జరిగింది ఆ రాష్ట్రాల్లో కానే కాదు. మోకాలికీ బోడిగుండుకీ ముడేయకండి.

జేబీఎస్_టు_కరీంనగర్:
మార్కెట్ బాస్కెట్ పేరు తీసింది మంచిదైంది. 2014 ఎండాకాలం మర్చిపోయిన్రా? కంపెనీ సీఈఓ, యజమానుల్లో ఒకడు అయిన ఆర్థర్ టి. డెమూలస్‌ని బోర్డు తీసేస్తే యూనియన్ లేకుండానే ఉద్యోగులు రోడ్డెక్కారు, యజమాని కోసం కార్మికులు సమ్మె చెయ్యడం నేనైతే ఎక్కడా వినలేదు. కొనేవాళ్లు ఏం చేశారో తెలుసా, పక్క షాపుల్లో సరుకులు కొని ఆ బిల్లులు తెచ్చి మార్కెట్ బాస్కెట్ అద్దాలకి అంటించారు, చూస్కోండి మీకు పోయిన డబ్బులివి అని. ఆగస్టు చివరికి అవతలి వాటాదారులు దిగొచ్చి తమ వాటా ఆయనకే అమ్మేశారు. అక్కడా పని చేసింది మన సంచీనే కదా.

కూపన్_కింగ్:
సరే, పోనీ. పక్కన ఇంకో షాపు ఉన్నప్పుడు దాటకపోతే మంచిదే, ఒప్పుకుంటా. అయినా చంటిపిల్లతో ఉన్నవాడు పాలు కొన్నందుకు పాపం అంటే మాత్రం ఊరుకోను.

వూస్టర్_వాసి:
పక్కన షాపుంది కింగ్ గారూ, ఆరు నిమిషాల డ్రైవ్. బద్ధకం, అంతే.

ఆవిడ సమ్మె అయ్యాక మళ్లీ అదే కౌంటర్‌కి వచ్చింది. నాకే మొహం చెల్లక అప్పట్నుంచి సెల్ఫ్ చెకౌట్ మెషీన్ దగ్గర నా బిల్లు నేనే కొట్టుకోవడం మొదలుపెట్టా.

ఏలూరు_అమ్మాయి:
అయ్యో, అది ఇంకా అన్యాయం కదండీ ఆవిడకి!

కూపన్_కింగ్:
డైపర్లు మార్కెట్ బాస్కెట్‌లోనే చవక. అప్పుడే అడగాల్సింది నన్ను.